మొలకెత్తితే విషం పోతుందా? కాయధాన్యాల మొలకల్లో అసలు జరిగేది

పెసలు నానబెట్టి, మొలక కట్టించి తింటే ఒంటికి మంచిదన్న మాట శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పల్లెలకూ చేరింది. ఆ మాట నిజమే. కానీ పెసలకు చెల్లిన సంగతిని గింజలన్నిటికీ చెల్లుతుందనుకోవడంతో చిక్కు వచ్చింది. "గింజలో ఏ చెడు ఉన్నా మొలకెత్తితే విరిగిపోతుంది" అన్న నమ్మకం కొన్ని పదార్థాల విషయంలో సరైనది, మరికొన్నిటి విషయంలో పూర్తిగా తప్పు. కొన్ని కాయధాన్యాల్లో విషం మొలక దశలోనే కొత్తగా తయారవుతుంది. ఎండు గింజలో దాదాపు కనిపించని పదార్థం మూడు రోజుల మొలకలో పుష్కలంగా ఉంటుంది. ఏది తగ్గుతుంది, ఏది పెరుగుతుంది, ఎందుకు అన్నది తెలిస్తే వంటింట్లోనూ పశువుల పాకలోనూ నిర్ణయాలు మారతాయి.

ముందుగా గింజలోని హానికర పదార్థాలను రెండు రకాలుగా విడదీసి చూడాలి. మొదటి రకం ప్రొటీన్లు. మన జీర్ణరసాలను అడ్డుకునే ట్రిప్సిన్ నిరోధకాలు, పేగు గోడను పట్టుకునే లెక్టిన్లు ఈ కోవలోవి. మొలక వస్తున్నప్పుడు గింజ తన నిల్వ ప్రొటీన్లను కరిగించి వాడుకుంటుంది కాబట్టి ఇవి క్రమంగా తగ్గుతాయి. మిగిలినవాటిని మరిగే నీరు చెడగొడుతుంది. ఇనుము, జింకు ఒంటికి పట్టకుండా చేసే ఫైటేటు ప్రొటీను కాకపోయినా, మొలకలో పుట్టే ఫైటేజ్ ఎంజైము దాన్నీ విరగ్గొడుతుంది. కడుపు ఉబ్బరం తెచ్చే చక్కెరలూ ఖర్చయిపోతాయి. పెసలు, ఉలవలు, శనగలు, బొబ్బర్లు మొలకెత్తించి తింటే మేలని చెప్పడానికి ఆధారం ఇదే.

రెండో రకం చిన్న అణువులు. ప్రొటీన్లు అమైనో ఆమ్లాలనే ఇటుకలతో కట్టినవి. ఇవి ఆ కట్టడంలో చేరని ప్రత్యేక అమైనో ఆమ్లాలు. చిక్కంతా వీటితోనే. వేడికి ఇవి అంత సులభంగా చెడవు, నీటిలో కరుగుతాయి, మొక్క లోపల ఒక భాగం నుంచి మరో భాగానికి కదులుతాయి. పైగా లేత మొలకకు వీటి అవసరం ఉంది. అప్పుడే బయటికొచ్చిన వేరూ కాండమూ మెత్తగా ఉంటాయి, బెరడు ఉండదు, చుట్టూ తడిమట్టిలో బూజులూ పురుగులూ ఉంటాయి. నత్రజనిని దాచుకోవాలి, తినవచ్చినవాటిని తరమాలి. ఒకే అణువుతో రెండు పనులూ అయితే మొక్కకు లాభం.

ఈ రెండో రకంలోనూ అన్నీ ఒకే దారిలో నడవవు. మన పెరటి తమ్మకాయకు దగ్గరి బంధువైన జాక్ బీన్‌ను చూడండి. దీని గింజలో కనవానిన్ అనే అమైనో ఆమ్లం నిల్వ ఉంటుంది. అది ప్రొటీన్లలో మామూలుగా ఉండే అమైనో ఆమ్లం ఆర్జినిన్‌ను పోలి ఉండడంతో, తిన్న పురుగు శరీరం దాన్ని పొరపాటున తన ప్రొటీన్లలో కలుపుకుని దెబ్బతింటుంది. మొలక పెరిగేకొద్దీ మొక్క బీజదళాల్లోని కనవానిన్‌ను విరిచి యూరియా తీస్తుంది, యూరియేజ్ ఎంజైముతో ఆ యూరియా నుంచి నత్రజని రాబట్టుకుంటుంది. ఆ యూరియేజ్ ఈ గింజలో ఎంత సమృద్ధిగా ఉంటుందంటే, 1926లో జేమ్స్ సమ్నర్ జాక్ బీన్ పిండి నుంచే దాన్ని స్ఫటికాలుగా వేరుచేశాడు. ఒక ఎంజైమును స్ఫటికంగా చూడడం అదే మొదలు. 1946లో ఆయనకు రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. అంటే ఇక్కడ విషం గింజలో ముందే దాచిన సరుకు, మొలక దాన్ని ఖర్చు చేస్తుంది.

కేసరి పప్పు దీనికి పూర్తిగా వ్యతిరేకం. కందిపప్పులో కల్తీగా కలుస్తుందని మనం వినే ఖేసరి ఇదే. ఛత్తీస్‌గఢ్‌లో తివ్డా అంటారు. దీన్ని నెలల తరబడి ప్రధాన ఆహారంగా తిన్నవారికి కాళ్లు బిగుసుకుపోయి, నడక కత్తెర వేసినట్టు అయిపోయి, చివరికి పాకాల్సి వస్తుంది. దీని పేరు లాథిరిజం. వచ్చాక తగ్గించే మందు లేదు. మధ్యప్రదేశ్‌లోని రీవా ప్రాంతంలో పాలేర్లకు కూలి కింద ఈ గింజలే కొలిచి ఇచ్చేవారు, కాబట్టి ఈ జబ్బు ఎక్కువగా వాళ్ల ఇళ్లనే పట్టింది. కరవులో మిగతా పంటలు ఎండిపోయినా బతికే పంట ఇది. అందుకే దీన్ని తినడం పేదవాడికి ఇష్టంతో జరిగే పని కాదు. ఈ విషయం రాసేటప్పుడు దీన్ని మరిచిపోకూడదు.

ఆ విషం పేరు ఓడాప్. 1964లో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో ఎస్.ఎల్.ఎన్. రావు, అడిగ, శర్మ దాన్ని గింజ నుంచి వేరుచేసి నిర్మాణం తేల్చారు. అదే కాలంలో ఢిల్లీలో మూర్తి, శేషాద్రి, వెంకిటసుబ్రమణియన్ కూడా అదే పదార్థాన్ని పట్టుకున్నారు. ఇది మెదడులో, వెన్నుపాములో నాడీకణాలు సందేశాలు పంపుకునే గ్లుటమేటు అనే రసాయనాన్ని అందుకునే ద్వారాలను అదేపనిగా తెరిచి ఉంచుతుంది. కదలికను నడిపే నాడీకణాలు ఆ ఒత్తిడికి దెబ్బతింటాయి.

మొలకలో ఇది ఎలా పుడుతుందో చూస్తే అసలు ముడి విడిపోతుంది. ప్రతి మొక్కలోనూ సిరీన్ అనే మామూలు అమైనో ఆమ్లం నుంచి ఓ-అసిటైల్ సిరీన్ తయారవుతుంది. దాని సాధారణ పని గంధకాన్ని అందుకుని సిస్టీన్‌గా మారడం. ఆ పని చేయించేది సిస్టీన్ సింథేజ్ అనే ఎంజైము. కేసరి మొలకలో ఇదే కుటుంబపు ఎంజైము గంధకానికి బదులు ఐసాక్సజోలినోన్ అనే వలయాకార అణువును తెచ్చి అతికిస్తుంది. అలా పుట్టినదాన్ని శాస్త్రవేత్తలు పొట్టిగా బీఐఏ అంటారు. తర్వాత ఆ వలయం తెగి డయామినోప్రొపియోనిక్ ఆమ్లం వస్తుంది. దానికి ఆక్సాలిక్ ఆమ్లపు ముక్క ఒకటి చేరితే ఓడాప్ అవుతుంది. మొత్తం మూడు మెట్లు.

మొలక కథ మొదటి మెట్టు మీద ఆధారపడి ఉంది. బీఐఏ పండి ఎండిన గింజలో దాదాపు ఉండదు. గింజ నీరు పీల్చి వేరు బయటపెట్టాక వేగంగా పోగవుతుంది. అంటే ఓడాప్‌కు ముడిసరుకు మొలకలోనే తయారవుతుంది, దాని వెంబడి ఓడాప్ కూడా కొత్తగా పుడుతుంది. గింజలో ముందే ఉన్న ఓడాప్ బీజదళాల నుంచి లేత కాండానికి, వేరుకు చేరడం ఒకవైపు, ఈ కొత్త తయారీ మరోవైపు జరుగుతుంటాయి. తొలి రోజుల మొలకలో, లేత ఆకుల్లో గాఢత హెచ్చుగా ఉంటుంది. మొక్క ఎదిగి ఆకులు ముదిరేకొద్దీ అది పడిపోతుంది. మళ్లీ కాయలో గింజ కట్టేటప్పుడు పెరుగుతుంది. కాబట్టి కేసరి గింజను మొలకెత్తించి "శుద్ధి" చేయాలనుకోవడం, లేత చిగుళ్లను ఆకుకూరగా వండుకోవడం రెండూ మొక్క విషం ఎక్కువగా ఉంచుకునే దశను ఎంచి తిన్నట్టే.

ఇక్కడే బఠాణీ ఒక మంచి పోలికను అందిస్తుంది. బఠాణీ మొలకలోనూ బీఐఏ పుష్కలంగా పుడుతుంది, వేరు నుంచి మట్టిలోకి కూడా కారుతుంది. పక్క మొక్కల వేళ్ల ఎదుగుదలను, బూజులను అది అడ్డుకుంటుందని 1991లో ప్రయోగాలు చూపించాయి. కానీ బఠాణీ మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతుంది, కేసరిలా ఓడాప్ దాకా వెళ్లదు. బఠాణీ మొలకలు తిని లాథిరిజం వచ్చిన దాఖలా లేదు. ఒకే ముడిసరుకు ఉన్నంతమాత్రాన రెండు మొక్కలకూ ఒకే ముద్ర వేయకూడదని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. సుబాబుల్ మరో దారి పట్టింది. అదే ఓ-అసిటైల్ సిరీన్‌కు, అదే ఎంజైము కుటుంబంతో, వేరే వలయాన్ని అతికించి మైమోసిన్ అనే విషం తయారుచేస్తుంది.

అంకెలు ఎక్కడ మోసం చేస్తాయి

మొలకల్లో విషం "పెరిగింది", "తగ్గింది" అని చదివినప్పుడు దేనికి లెక్కగట్టారో అడగాలి. లెక్క కోసం 100 గ్రాముల ఎండు గింజల్లో 0.5 గ్రాము విషం ఉందనుకుందాం. అంటే 0.5 శాతం. నాలుగు రోజుల్లో మొలక తన పిండిపదార్థాన్ని ఊపిరిగా ఖర్చు చేసి ఎండు బరువు 88 గ్రాములకు దిగిందనుకుంటే, చుక్క విషం కొత్తగా పుట్టకపోయినా శాతం 0.57కు ఎక్కుతుంది. అదే మొలకను తడితో తూచితే 280 గ్రాములు, అప్పుడు శాతం 0.18. ఒకే మొలక, ఒకే విషం, మూడు అంకెలు. నిజంగా కొత్త తయారీ జరిగిందో లేదో తేలాలంటే ఒక్కో మొలకకు ఎన్ని మిల్లీగ్రాములు ఉందో చూడాలి. శాతంతో తేలదు. నానిన నీటిని పారబోశారా, దాన్నీ పరీక్షించారా అన్నది ఇంకో ప్రశ్న. ఓడాప్ నీటిలో కరిగిపోతుంది కాబట్టి, నీటిని లెక్కలోకి తీసుకోకపోతే మొలకెత్తడం వల్ల విషం తగ్గిందన్న భ్రమ కలుగుతుంది.

కొలిచే పద్ధతిలోనూ ఒక గోతి ఉంది. తర్వాతి కాలంలో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఎస్.ఎల్.ఎన్. రావు 1978లో ఇచ్చిన రంగు పద్ధతినే ప్రపంచమంతా వాడుతోంది. క్షారంతో కాచి ఓడాప్‌ను విరిచి, వచ్చిన డయామినోప్రొపియోనిక్ ఆమ్లానికి ఆర్థో-థాల్డిహైడ్ కలిపి, పసుపు రంగు గాఢతను 420 నానోమీటర్ల వద్ద చదువుతారు. చౌక, వేగం, నమ్మకం ఉన్నాయి. అయితే మొలకలో ఆ ఆమ్లం మధ్య మెట్టుగా కూడా ఉండొచ్చు. క్షారంతో కాచని నమూనాను పక్కన పెట్టుకుని, దాని అంకెను ఇందులోంచి తీసివేయకపోతే ఓడాప్ అసలు కంటే ఎక్కువ కనిపిస్తుంది. ఇంకొకటి, ఓడాప్‌లో బీటా, ఆల్ఫా అని రెండు రూపాలున్నాయి. నరాలను దెబ్బతీసేది ముఖ్యంగా బీటా. వేడి చేస్తే అందులో కొంత ఆల్ఫాగా మారుతుంది. ఈ రంగు పద్ధతి రెండింటినీ కలిపి చూపిస్తుంది. వండిన పప్పును పరీక్షించేవారు ఇది గుర్తుంచుకోవాలి.

మట్టి మాట

వంశధార, నాగావళి కింద వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, మడిలో తడి ఉండగానే మినుము, పెసర వెదజల్లడం మన రైతుకు కొత్త కాదు. ఛత్తీస్‌గఢ్‌లో, బెంగాల్లో ఇలాగే వరి మళ్లలో కేసరి చల్లుతారు. అక్కడే ఒక ఇబ్బంది ఉంది. నెలల తరబడి నీరు నిలిచిన మడిలో మొక్కకు అందే జింకు తగ్గుతుంది, కరిగిన ఇనుము పెరుగుతుంది. తర్వాత నీరు ఇంకిపోయి పంట బెట్టకు గురవుతుంది. బెల్జియంలోని ఘెంట్ విశ్వవిద్యాలయానికి చెందిన లాంబీన్ బృందం 1994లో జింకు లోపం, ఇనుము అధికం కలిస్తే కేసరి గింజలో ఓడాప్ పెరుగుతుందని చూపించింది. నీటి ఎద్దడి కూడా దాన్ని పెంచుతుంది. రతన్, ప్రతీక్, మహాతివ్డా లాంటి తక్కువ ఓడాప్ రకాలు వచ్చాయి కానీ, ఆ తక్కువదనం విత్తనం మీదే కాదు, నేల మీదా ఆధారపడుతుంది. పక్క చేలోని పాత రకం పుప్పొడి కలిసినా మళ్లీ మొదటికొస్తుంది.

మన మినుము, పెసరల్లో ఓడాప్ పుట్టదు కాబట్టి వరి మాగాణి రైతు ఈ విషయంలో భయపడనక్కర్లేదు. కానీ అదే జింకు లోపం పంటను గిడసబారుస్తుంది. వరికి ఆఖరి దమ్ములో ఎకరాకు 20 కిలోల జింక్ సల్ఫేటు వేసుకుంటే తర్వాత చల్లే అపరాలకూ కొంత అందుతుంది. లోపం పైరు మీద కనిపిస్తే లీటరు నీటికి 2 గ్రాములు కలిపి పిచికారీ చేయాలి. భాస్వరం ఎరువుతో కలిపి మాత్రం వేయకూడదు. రెండూ కట్టుకుపోయి ఏదీ మొక్కకు అందదు.

వంటింట్లో

నీటిలో కరిగే విషాన్ని తగ్గించాలంటే నీటితోనే బయటికి పంపాలి. జాతీయ పోషకాహార సంస్థ, హైదరాబాద్, 1960ల నాటి పనిలో కేసరి గింజలను వేడినీటిలో నానబెట్టి ఆ నీరు పారబోయడం, ఉప్పుడు బియ్యం తరహాలో ఉడికించి ఆరబెట్టడం పరీక్షించింది. ఇలా చేస్తే విషంలో పెద్ద భాగం పోతుంది. పూర్తిగా పోదు, బి విటమిన్లు కూడా వెంట పోతాయి. నీరు గింజలకు కనీసం నాలుగైదు రెట్లు ఉండాలి, వేడిగా ఉండాలి, వార్చేయాలి. చల్లని నీటిలో కొద్దిసేపు నానబెట్టి కడగడం చాలదు.

మన వంట తీరు సరిగ్గా దీనికి ఎదురు. పప్పుకు సరిపడా నీరు పోసి కుక్కర్ పెడతాం, చుక్క వదలం. ఉలవలు ఉడికిన కట్టునైతే వేరుగా తీసి, చింతపండు పోసి చారు కాచుకుంటాం. ఉలవకు అది చాలా మంచి పద్ధతి, సారమంతా చారులోకి దిగుతుంది. కేసరి కలిసిన పప్పుకు అదే పద్ధతి వాడితే కరిగి బయటపడిన విషమంతా తిరిగి కంచంలోకే వస్తుంది. కుక్కర్ కూతలు ఎన్ని వచ్చినా ఓడాప్ విరగదు. అందుకే ఇంటి దగ్గర శుద్ధి చేసుకోవచ్చులే అన్న ధీమా పనికిరాదు. కేసరి అసలు ఇంట్లోకి రాకుండా చూసుకోవడమే మేలు.

రాజ్మా సంగతి వేరు. పాడేరు, చింతపల్లి కొండల నుంచి మన సంతలకు వచ్చే ఈ గింజలో విషం లెక్టిన్, అంటే ప్రొటీను. మొలకెత్తితే తగ్గుతుంది గానీ పచ్చిగా తినేంత తగ్గదు. నాలుగైదు పచ్చి గింజలకే వాంతులు మొదలవుతాయి. ఐదు గంటలకు తక్కువ కాకుండా నానబెట్టి, ఆ నీరు పారబోసి, కొత్త నీటిలో కనీసం పది నిమిషాలు, వీలైతే అరగంట తెర్లించాలి. మరిగే స్థాయికి రాకుండా సన్న సెగ మీద గంటల తరబడి ఉంచడం ఇంకా ప్రమాదం. గింజ మెత్తబడుతుంది, లెక్టిన్ అలాగే ఉంటుంది. రాజ్మా మొలకలను సలాడ్లలో కలపడం మానేయాలి.

లూసర్న్ మొలకల్లో, అంటే అల్ఫాల్ఫాలో, కనవానిన్ ఉంటుంది. 1982లో కోతులకు అల్ఫాల్ఫా మొలకలు పెట్టినప్పుడు లూపస్ (రోగనిరోధక శక్తి సొంత ఒంటి మీదే దాడి చేసే జబ్బు) లాంటి లక్షణాలు కనిపించాయి. లూపస్ ఉన్నవారు వీటి జోలికి వెళ్లకూడదు. పెసలు, ఉలవలు, శనగల మొలకల్లో భయపడాల్సింది మొక్క విషాలకు కాదు, సూక్ష్మజీవులకు. మన కోస్తా ఉక్కలో తడిగుడ్డ కింద సాల్మొనెల్లా చక్కగా పెరుగుతుంది. కాచి చల్లార్చిన నీటితో పూటకోసారి కడిగి, జిగురు గానీ పుల్లటి వాసన గానీ వస్తే పారేసి, గర్భిణులకు, చిన్నపిల్లలకు, వృద్ధులకు ఆవిరి మీద ఉడికించే పెట్టాలి.

పశువుల మేత

జొన్న నాము తగిలి పశువు పడిపోవడం రైతులకు తెలిసిందే. జొన్న కాయధాన్యం కాదు గానీ సూత్రం ఒకటే. మోకాలెత్తు లోపు మొక్కలో, బెట్టకు వాడి మళ్లీ చిగిర్చిన పిలకల్లో సయనైడు నిచ్చే పదార్థం ఎక్కువ. సుబాబుల్‌లోనూ మైమోసిన్ లేత కొనల్లోనే ఎక్కువగా ఉంటుంది. మేకలు ముందు కొరికేది ఆ కొనలనే. వెంట్రుకలు ఊడటం, చొంగ కారడం, థైరాయిడ్ గ్రంథి వాయడం దీని లక్షణాలు. మొత్తం మేతలో సుబాబుల్ మూడో వంతు దాటనివ్వకుండా, గడ్డితో కలిపి, ముదురు ఆకు ఎక్కువగా ఉండేలా కోసి వేయాలి.

కొనేటప్పుడు

కేసరి బద్ద కందిపప్పు కంటే బల్లపరుపుగా, నలుచదరంగా ఉంటుంది. ఒకవైపు వాలుగా కోసినట్టు అంచు కనిపిస్తుంది. కంది బద్ద గుండ్రంగా ఉబ్బి ఉంటుంది. గుప్పెడు పప్పును తెల్లకాగితం మీద పరిచి చూస్తే తేడా తెలుస్తుంది. శనగపిండిలో కలిస్తే మాత్రం కంటికి చిక్కదు. నమూనాకు 50 మిల్లీలీటర్ల పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపి, ఆ గిన్నెను వేడినీటిలో పావుగంట ఉంచితే గులాబీ రంగు రావడం కేసరికి గుర్తు. ఆమ్లం పోసిన వెంటనే, వేడి చేయకుండానే రంగు మారితే అది కేసరి కాదు, మెటానిల్ యెల్లో అనే నిషిద్ధ రంగు కలిపారన్నమాట. రెండూ వేర్వేరు కల్తీలు, రెండూ నేరాలే. ఆమ్లంతో పని కాబట్టి ఈ పరీక్షను స్కూలు ల్యాబులో, తెలిసినవారి చేత చేయించండి. అనుమానం నిలబడితే మిగిలిన పప్పును అదే సంచిలో మూతికట్టి, కొన్న రశీదుతో సహా జిల్లా ఆహార భద్రత అధికారికి అప్పగించండి. వండిన పప్పు కాదు, వండని పప్పే వారికి కావాలి.